రొట్టె, చల్ల, కల్లు

పడమటి దేశాల కథలలోను, కావ్యాలలోను ఒక చిన్న విందు తరచుగా ఎదురవుతుంది. ఒక చెట్టునీడ, ఒక రొట్టె, కొంచెం జున్ను, ఒక పాత్రలో ద్రాక్షాసవం. గొర్రెలకాపరి తిన్నా అదే. తోట యజమాని తిన్నా అదే. వండిన కూరలు లేవు, వడ్డించే పరిచారకులు లేరు. అయినను ఆ విందులోని తృప్తి రాజుల పంక్తిలో దొరకదని ఆ రచయితలు చెప్పుదురు. క్రీస్తుపూర్వం 341లో పుట్టిన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ పేరు నేడు భోగలాలసతకు మారుపేరైనది. కాని ఆయన ఏథెన్సు నగరంలోని తన తోటలో రొట్టెతోను, నీటితోను సంతుష్టుడై ఉండేవాడని ఆయన జీవితాన్ని వ్రాసిన డయోజినిస్ లేర్షియస్ చెప్పినాడు. ఒక చిన్న కుండెడు జున్ను పంపినట్లయితే, మనసైన నాడు దానితో విందు చేసుకొందునని ఆయన ఒక మిత్రునికి జాబు వ్రాసినాడట.

పారశీక కవి, ఖగోళ శాస్త్రవేత్త ఉమర్ ఖయ్యాం (1048-1131) పేరిట ప్రచారంలో ఉన్న రుబాయీలను ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ 1859లో ఆంగ్లంలోనికి తెచ్చినాడు. అప్పటినుండి రొట్టె, మధుపాత్ర, పద్యాల పుస్తకం అనే మూడును ప్రపంచమంతట నిరాడంబర సుఖానికి గుర్తులైనవి. తెలుగులో దువ్వూరి రామిరెడ్డిగారు పారశీకం నేర్చి 'పానశాల'ను వ్రాసినారు. ఆ పద్యాలు చదివి పరవశించిన తెలుగు ఇండ్లు ఎన్నో ఉన్నవి. అయితే ఇక్కడ ఒక విచిత్రం కలదు. నైషాపూరు రొట్టెకును, మధువుకును తల ఊపిన మన చదువరులలో చాలమందికి, తమ ఊరి పొలిమేరలో తుమ్మచెట్టు క్రింద జొన్నరొట్టె తిని, కడవలోని చల్ల త్రాగి, ప్రొద్దు గ్రుంకువేళ తాటిరేకలో కల్లు పుచ్చుకొనే రైతు కూడ అదే విందు చేస్తున్నాడని తోచలేదు. మేము ఇక్కడ చెప్పదలచినది ఆ విందు చరిత్ర.

దానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదు నుండి పడమటగా బీజాపూరు వైపు వెళ్ళే పాత రహదారి మీద మొయినాబాదు, దానికి ఆవల చేవెళ్ల ఉన్నవి. దారికి ఇరువైపుల ఊడలు దించిన మర్రిచెట్లు వందలాదిగా ఉన్నవి. నిజాముల కాలంలో బాటసారుల నీడకై నాటినవని ప్రతీతి. రహదారిని వెడల్పు చేయ తలపెట్టినప్పుడు ఈ చెట్ల రక్షణకై ప్రకృతి ప్రేమికులు హరిత న్యాయాధికరణాన్ని ఆశ్రయించినారు. మొయినాబాదు సమీపంలోని పెద్దమంగళారం గ్రామంలోనే 1890లో కొండా వెంకట రంగారెడ్డిగారు జన్మించినారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టినారు. మొయినాబాదుకు ఒక ప్రక్క మూసీనది మీద ఉస్మాన్‌సాగర్, మరొక ప్రక్క ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ ఉన్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచివేసిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఈ జలాశయాలను తలపెట్టినారు. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. జంటనగరాలు త్రాగిన నీరు ఇక్కడిది. నీరు నగరానికి పోయినది. పొలాలు మాత్రం చాలవరకు వానను నమ్ముకొన్న మెట్టభూములే. కొన్నిచోట్ల ఎర్రని చల్కనేల, కొన్నిచోట్ల నల్లని రేగడి. ఇటువంటి నేలలో వరి కంటె ముందు నిలిచేది జొన్న.

జొన్న మన దేశంలో పుట్టిన పైరు కాదు. తూర్పు ఆఫ్రికాలో, నేటి సూడాను ప్రాంతాన, ఐదువేల ఏండ్లకు పూర్వమే మానవుడు దానిని సాగుకు తెచ్చుకొన్నాడు. సుమారు నాలుగువేల ఏండ్ల క్రిందట అది సముద్రం దాటి మన దేశానికి చేరినది. దక్కను పీఠభూమి దానికి పుట్టినిల్లు కంటె మిన్న అయినది. రేగడిలో నిలిచిన తడితోనే శీతకాలపు జొన్న పండగలదు. ఎండ ఎక్కువైనప్పుడు ఆకులు చుట్టుకొని పైరు నిద్రించినట్లుండి, వాన పడగానే మరల లేచును. గింజ మనిషికి, చొప్ప పశువుకు. ఒకే చేనినుండి ఇంటి యజమానికిని, అతని ఎడ్లకును మేత దొరికేది. తెల్లజొన్న, పచ్చజొన్న అని రకాలు ఉన్నవి. గట్క, అంబలి, రొట్టె - ఈ మూడు రూపాలలో అది తెలంగాణ మెట్టపల్లెల కడుపు నింపినది.

జొన్నపిండిలో గోధుమపిండికున్న జిగురు లేదు. అందుచేత అది పులిసి పొంగదు. అప్పడాలకర్రతో వత్తితే చీలిపోవును. పడమటి దేశాల ఉబ్బిన రొట్టె జొన్నతో సాధ్యం కాకపోవుటకు కారణం ఇదే. మన స్త్రీలు దానికొక ఉపాయం కనిపెట్టినారు. నీళ్ళు తెర్లించి పిండిలో పోసినచో పిండిలోని గంజి ఉడికి, లేని జిగురు కొంత కలుగును. ఆ పిండిని అరచేత మెదిపి, పీట మీద చేతితో తట్టి తట్టి, చక్రంవలె త్రిప్పి, పెంక మీద వేసి, పైన తడిచేయి రాచి కాల్చుదురు. రేడియో ముందు కూర్చుండి వినే గృహిణులు కొందరు ఇక్కడ నవ్వుకొందురేమో. చెప్పినంత తేలిక కాదది. అంచు చీలకుండ, మధ్య పలచబడకుండ రొట్టె తట్టుటకు ఏండ్ల అభ్యాసం కావలెను. ఆ చప్పుడు విని వాడలోనివారు ఏ ఇంట పొయ్యి రాజినదో తెలిసికొనేవారు.

ఇక జున్ను. ఆంగ్లపు చీజ్ అనే మాటకు మన నిఘంటువులు జున్ను అని అర్థం వ్రాసినవి. కాని రెండును ఒకటి కావు. మన జున్ను, ఈనిన ఆవు లేక గేదె మొదటి మూడు నాలుగు దినాలలో ఇచ్చే ముర్రుపాలను బెల్లంతో కాచగా గడ్డకట్టేది. అది ఏడాదికొక పండుగ. రోజువారి తిండి కాదు. పడమటివారి జున్ను, దూడ కడుపులోని ఒక పదార్థంతో పాలను విరిచి, నీరు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెట్టేది. దూడను చంపి తీసిన వస్తువుతో పాలు విరుచుట మన పల్లెల ఆచారానికి సరిపడదు. చల్లని నేలమాళిగలలో మాగబెట్టే వీలును మన ఎండలు ఇయ్యవు. అందుచేత దక్కనులో పాలు వేరొక దారి పట్టినవి. పాలు తోడుకొని పెరుగైనవి. పెరుగు చిలికితే వెన్నయు, చల్లయు వచ్చినవి. వెన్న కాగి నెయ్యియైనది. నెయ్యి మాత్రమే నిలువ ఉండును, కనుక అది అంగడికి పోయినది. చల్ల నిలువ ఉండదు, కనుక అది ఊరిలోనే ఉండిపోయినది. పాడి ఉన్న ఇంటివారు చల్ల అమ్ముట తప్పుగా తలచేవారు. అడిగినవారికి చెంబెడు పోసేవారు. పాడి లేని పేదవాని రొట్టెకు కూడ చల్ల దొరికినదంటే కారణం అదే. దానితోపాటు ఒక ఉల్లిగడ్డ, ఇంత పుంటికూర తొక్కు లేక పల్లీల పొడి ఉంటే విందు పూర్తియైనట్లే.

మూడవది కల్లు. తెలంగాణలో అది రెండు చెట్ల వరం. ఒకటి తాడు, రెండవది ఈత. ఈతచెట్టు మొవ్వ దగ్గర కాండాన్ని చెక్కి రసం తీయుదురు. తాటిచెట్టు గెలను చివర కోసి, లొట్టి కట్టి, బొట్టు బొట్టుగా కారేదానిని పట్టుదురు. పోతుతాటి కల్లు, పండుతాటి కల్లు, పరుపుతాటి కల్లు అని ఋతువును, చెట్టు జాతిని బట్టి పేర్లు కూడ మారును. గౌండ్ల గీతకాడు నడుముకు ముత్తాదు, కాళ్ళకు బంధం, చెట్టుచుట్టు మోకు వేసికొని, ప్రొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి నిటారైన మ్రానెక్కును. కాలు జారితే ప్రాణమే పోవును. ఏటేట ఎందరో అట్లు పడిపోతున్నారు. చెట్టునుండి కారేటప్పుడు రసం తియ్యని నీరే. అందులో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉండును. లొట్టికి లోపల సున్నం పూసినచో అది పులియక నీరాగానే ఉండును. సున్నం లేకున్న లొట్టిలోను, గాలిలోను ఉన్న సూక్ష్మజీవులు గంటలలోనే చక్కెరను సారంగా మార్చును. ప్రొద్దున తీపి, మధ్యాహ్నం కొంచెం ఘాటు, రాత్రికి పులుపు, మరునాటికి ద్రావకం. అన్నింటికి సమయం ఒక్క దినమే.

మూడును ఒకేసారి ముందు పెట్టుకొనవలెననే నియమమేమియు లేదు. పగటి ఎండలో రొట్టెయు, చల్లయు. పని ముగిసిన పిమ్మట కల్లును, దానితో ఉడికించిన బొబ్బర్ల గుడాలును. ఒక దినపు పనిలో ఇముడుకొన్న విందు ఇది.

ఇప్పుడు పడమటి విందును, మన విందును ప్రక్క ప్రక్కన పెట్టి చూతము. ఒక ముఖ్యమైన భేదం కనిపిస్తుంది. రొట్టె, జున్ను, ద్రాక్షాసవం మూడును ఆహారాన్ని నిలువ చేసే ఉపాయాలు. జున్ను ఏడాది ఉండును. ఆసవం ఏండ్లు గడిచిన కొలది విలువ పెరుగును. అవి గాడిదల మీద, ఓడల మీద దేశాలు దాటినవి. మఠాలలో, కోటలలో, నగరాల అంగళ్ళలో ఒకే తీరుగా దొరికినవి. మన విందులో రొట్టె పూటకు, చల్ల దినానికి, కల్లు కొన్ని గంటలకు మాత్రమే మంచివి. బీజాపూరు వైపున కరకరలాడే ఎండు జొన్నరొట్టెను వారాల తరబడి దాచుకొందురు. అది ఒక్కటే ఈ నియమానికి వెలి. తక్కినవి నిలువ ఉండవు, కనుక దూరం పోలేవు. చేను, పాడి, చెట్టు మూడును నడిచిపోగల దూరంలో ఉన్నప్పుడే ఈ విందు సాధ్యం. దాని రుచి అంతయు దగ్గరితనంలో ఉన్నది.

కల్లు దూరం పోదన్న మాటకు ఒక పాత సాక్ష్యం కలదు. మొయినాబాదుకు తూర్పున, కొద్ది మైళ్ళ దూరంలో గోలకొండ కోట ఉన్నది. కుతుబ్‌షాహీల చివరి దశాబ్దాలలో వజ్రాల బేరానికై అక్కడికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో ప్రచురించినాడు. నగరానికి ప్రతిదినం ఐదారువందల గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు వచ్చేదని, దానిమీది పన్నుతో రాజుకు గొప్ప రాబడి ఉండేదని అందులో వ్రాసినాడు. ప్రతిదినం అన్న మాటను గమనించవలెను. వజ్రం ఎప్పుడైనా రావచ్చును. కల్లు మాత్రం దినదినం రావలెను. నగరం చుట్టునున్న పల్లెలలో ఎన్ని తాళ్ళు, ఎన్ని ఈతవనాలు ఉండినవో, ఎందరు గీతకాండ్రు తెల్లవారక ముందే చెట్లెక్కినారో ఆ గుర్రాల లెక్కనుబట్టి ఊహించవచ్చును.

మన కావ్యాలలో ఈ విందుకు చోటు తక్కువ. మహారాజుల భోజనాలు, పూటకూళ్ళ ఇండ్ల పిండివంటలు వర్ణించిన కవులు జొన్నకూడు దగ్గర ముఖం ముడుచుకొన్నారు. శ్రీనాథుని పేరిట చెలామణిలో ఉన్న చాటువులలో పల్నాటి జొన్నకూటి మీద ఎగతాళి ప్రసిద్ధమే. సన్నబియ్యపు అన్నానికి అలవడిన కవికి మెట్టసీమ తిండి శిక్షగా తోచినది. సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏమి త్రాగినాడు, ఏమి కట్టుకొన్నాడు అని పట్టుబట్టి వెదకి, కావ్యాల మూలలనుండి ఏరి కూర్చినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. రాజుల చరిత్ర కంటె ప్రజల చరిత్ర వ్రాయుట కష్టమని ఆ గ్రంథం చదివిన వారికి తెలియును. జొన్నరొట్టె శాసనాలకు ఎక్కదు గదా!

అయితే ఈ విందును చూచి, పాతకాలపు పల్లె అంతయు స్వర్గమని చెప్పుట మా ఉద్దేశం కాదు. నిజాం రాజ్యంలో ఆబ్కారీ రాబడి ప్రభుత్వపు పెద్ద ఆదాయాలలో ఒకటి. చెట్టు గౌండ్లవాడు ఎక్కినను, చెట్టు మీది హక్కు గుత్తదారుది. తెలంగాణ పల్లెలలో దేశ్‌ముఖులకు, గ్రామాధికారులకు గీతకాండ్రు దినదినం ఉచితంగా కల్లు పోయవలసిన వెట్టి ఉండేది. వారికని కొన్ని చెట్లు విడువవలసి వచ్చేది. 1940ల నాటి రైతాంగ పోరాటంలో వెట్టి రద్దు మొదటి కోరికలలో ఒకటిగా నిలిచినదంటే దానికి ఇటువంటి నిత్యావమానమే మూలం. పదిహేడవ శతాబ్దం చివర మొగలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న ఈ గౌండ్ల కులంవాడే. ఇంకొక వైపు, త్రాగుడుచే కూలిన సంసారాల దుఃఖం కూడ చరిత్రలోనిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎత్తిన సారా వ్యతిరేక ధ్వజం రాష్ట్రమంతట పాకి, 1993లో సారా నిషేధానికిని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికిని దారితీసినది. ఆ సంపూర్ణ నిషేధం 1997లో సడలినది. మితం దాటిన పానం ఏ పాత్రలో ఉన్నను విషమే. విందు అనిపించుకొన్నది తిన్నవాడు ఇష్టంతో తిని, చాలునని లేచినప్పుడే. వేరే గతిలేక తిన్న రొట్టె దరిద్రం. వెట్టిగా పోసిన కల్లు దాస్యం. ఎపిక్యురస్ తోటలోని రొట్టెకు రుచి ఉన్నదంటే అది ఆయన ఎన్నుకొన్న రొట్టె కనుక.

స్వాతంత్ర్యం తరువాత ఈ మూడింటి గతి ఏమైనది? మొదట జొన్నను చూతము. 1964లో మన దేశపు మొదటి సంకరజొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలైనది. 1972లో పటాన్‌చెరువులో ఇక్రిశాట్ సంస్థ వెలిసినది. జొన్న ఆ సంస్థ ప్రధాన పంటలలో ఒకటి. హిమాయత్‌సాగర్‌కు చేరువనే రాజేంద్రనగరంలో నేడు భారత చిరుధాన్య పరిశోధన సంస్థ ఉన్నది. జొన్నను గూర్చిన విజ్ఞానం చేవెళ్ల ముంగిట ఇంతగా పెరిగిన కాలంలోనే, చేవెళ్ల చేలలో జొన్న తగ్గినది. దేశంలో 1960లలో సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్లలో పండిన జొన్న నేడు 50 లక్షల హెక్టార్లకు లోపలనే ఉన్నది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు, ఆకలి ఎరిగిన ఇండ్లలో అది గొప్ప మేలు. పండుగనాడు మాత్రమే వరియన్నం చూచిన ఇల్లాలికి దినమూ అన్నం వండే భాగ్యం కలిగినది. దానిని తక్కువగా తలచరాదు. కాని అదే చేత, జొన్న తట్టే ఇంటికి బీదయిల్లు అనే పేరు పడినది. పిల్లలు బడికి రొట్టె తీసికొనిపోవుటకు సిగ్గుపడినారు. 2013 నాటి ఆహారభద్రతా చట్టం కిలో రూపాయికి చిరుధాన్యాలు ఇయ్యవచ్చునని చెప్పినను, తెలంగాణ చౌకదుకాణంలో ముఖ్యమైనది బియ్యమే.

చేవెళ్ల, మొయినాబాదు రైతు కూడ తెలివితక్కువవాడు కాడు. నగరం దాపున ఉన్నది. నగరానికి కూరగాయలు కావలెను, పూలు కావలెను. బోరుబావులు వచ్చిన తరువాత క్యారెట్టు, టమాటా, ఆకుకూరలు, పందిళ్ళ క్రింద పూలు లాభమైనవి. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లు ఆ లాభానికి తోడైనవి. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు దేశమంతట పేరు పొందినవి. వాటిలో చాలవరకు ఇండ్ల స్థలాలైనవి. ఇక పాలు. పాలు తెల్లవారగానే కేంద్రానికి పోయి, అక్కడినుండి నగరానికి పోవును. చిలుకుటకు మిగిలినది తక్కువ కనుక పల్లెలో చల్ల కూడ ప్యాకెట్టులో వస్తున్నది. చెంబెడు పోసే ఆచారం చెల్లిపోయినది.

అన్నింటికంటె ఎక్కువ గాయం కల్లుకు తగిలినది. నిలువ ఉండని వస్తువును నిలువ ఉంచవలెనని, చెట్లు చాలనప్పుడు కూడ కడవలు నింపవలెనని వ్యాపారం కోరినది. చెట్టుకల్లుకు బదులు నీటిలో చక్కెర, శాకరిన్, నురుగుకు మరేదో, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, అల్‌ప్రజోలం వంటి మందులు కలిపిన 'మందుకల్లు' పుట్టినది. 2015లో తెలంగాణలో అధికారులు దీనిని అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆ మందుకు అలవడినవారు వణుకుతోను, మతిభ్రమతోను ఆసుపత్రుల పాలైనారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించినారు. వారిలో అధికులు దినకూలీలు. దినం గడిచిన తరువాత చల్లగా ఒక సీసా త్రాగుదుమనుకొన్న బీదవారు వారు. గోలకొండకు దినదినం గుర్రాల మీద వచ్చిన కల్లుకును, ఈ సీసాలోని ద్రవానికిని నడుమ ఉన్నది ఒక్క భేదమే: అది చెట్టును నమ్ముకొన్నది, ఇది చెట్టును మరచినది. దగ్గరితనం పోయిన చోట విందు పేరు మిగిలినది; వస్తువు విషమైనది.

చెట్టు ఎందుకు తగ్గినది? భూమి వెల పెరిగినది కనుక. జలాశయాలను కాపాడుటకై 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చినది. రెండు చెరువుల చుట్టు పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కర్మాగారాలు, పెద్ద భవనాలు కూడదన్నది. మొయినాబాదు గ్రామాలు పెక్కు అందులోనివే. ఆ ఉత్తర్వు పొలాలను పొలాలుగా చాలకాలం నిలిపినది. కాని వాటిని కొన్నవారు రైతులు కానక్కరలేదని మాత్రం చెప్పలేదు. ప్రహరీగోడలు లేచినవి, లోపల విశ్రాంతిగృహాలు లేచినవి. 2022లో ఆ ఉత్తర్వును ప్రభుత్వం సడలించినది. ఈతచెట్టుకు ప్రహరీగోడలో స్థలం దొరకదు. గీతకానికి కాపలాదారు తలుపు తీయడు.

ఇట్లనగా అంతయు పోయినదని అర్థం కాదు. ఒక తిరుగుడు కూడ కనిపిస్తున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది. చక్కెర వ్యాధికి వైద్యులు జొన్నను మెచ్చుకొన్నారు. సాయంకాలం హైదరాబాదు వీధులలో పొయ్యి పెట్టుకొని, అదే పీట, అదే చేతి చప్పుడుతో రొట్టెలు తట్టి అమ్ముతున్న స్త్రీలను చూడవచ్చును. మోటారుకార్లు ఆగి, రొట్టెలు కొనుక్కొని పోతున్నవి. ఒకప్పుడు సిగ్గుతో దాచుకొన్న రొట్టెకు నేడు వరుసలో నిలబడవలెను. రొట్టె ఇచ్చటనే కాలినను, జొన్న ఎక్కువగా పండేది మహారాష్ట్ర, కర్ణాటక మెట్టలలో. విందులోని ఒక పాలు తిరిగి వచ్చినది. తక్కిన రెండు పాళ్ళు ఇంకను దూరంలోనే ఉన్నవి.

రుచికి డబ్బు అక్కరలేదని చెప్పుట సులభం. పడమటివారి చిన్నవిందును మెచ్చుకొనే పుస్తకాలన్నియు ఆ మాటనే చెప్పుచున్నవి. చరిత్ర చెప్పే మాట కొంచెం వేరు. చిన్నవిందుకు డబ్బు ఎక్కువ అక్కరలేదు. కాని వేరే ఎన్నో కావలెను. వానను నమ్ముకొన్న ఒక చేను కావలెను. పాలు అమ్మిన పిమ్మట కూడ ఒక చెంబెడు మిగిల్చే ఇల్లు కావలెను. నలభై అడుగుల చెట్టు నిర్భయంగా ఎక్కి దిగే మనిషికి తగిన కూలియు, గౌరవమును, నడుముకు భద్రమైన మోకును కావలెను. తట్టే చేతికి రొట్టె నేర్పిన అమ్మమ్మ కావలెను. ఇవి ఒకదానికొకటి నడకదూరంలో ఉండవలెను. ఇన్ని కూడినప్పుడు పుట్టేదానిని మనం నిరాడంబరమనుచున్నాము.

చేవెళ్ల బాట మీద మర్రిచెట్లు ఇంకను ఉన్నవి. చేలగట్ల మీద తాళ్ళు ఇంకను కొన్ని ఉన్నవి. ఈత, తాటి మొక్కలు మరల నాటించే ప్రయత్నాలు జరిగినవి. తాడు గీతకు రావలెనన్న పదేండ్లకు పైగా పట్టును. నేడు నాటినవాడు తన కొడుకు కొరకు నాటవలెను. జొన్నకు మాత్రం నాలుగు నెలలు చాలును. మన గృహిణులు వారానికొక రాత్రి ఇంట జొన్నరొట్టె తట్టినచో, ఆ పిండి ఎక్కడిదని అడిగినచో, దుకాణదారు అడుగును. దుకాణదారు అడిగినచో రైతు వినును. ప్రారంభానికి అది చాలును.